ముద్రారాక్షసమునందలి సుహృత్స్నేహము

విశాఖదత్తుని ముద్రారాక్షసమును గూర్చి ముచ్చటించు పండితులు సామాన్యముగా రెండు మాటలు చెప్పుచుందురు. ఈ నాటకమున నాయిక లేదనుట యొకటి. ఇది రాజనీతిప్రధానమగు కృతి యగుటచే బుద్ధికి విందేకాని హృదయము నార్ద్రము చేయునది కాదనుట రెండవది. మొదటి మాట సత్యము. ప్రతీహారిణులను విడిచినచో నేడంకములలోను రంగమునకు వచ్చు స్త్రీ యొక్కతెయే. ఆమె చందనదాసుని యిల్లాలు. ఆమెయుఁ గడపటి యంకమునఁ గొంతసేపు మాత్రమే కానవచ్చును. రెండవ మాట మొదటిదానినుండి పుట్టిన భ్రాంతి. శృంగారము లేనిచోట స్నేహార్ద్రత యుండనేరదను సంస్కారము పాఠకులలో లోఁతుగా నాటుకొనియుండుటచేతనే యీ నాటకము ఎండిన కట్టెవలెఁ దోఁచుచున్నది.

నిదానించి చూచినచో నిందలి నీతియంతయు నొక స్నేహము మీఁద నిలిచియున్నది. చాణక్యుని బుద్ధిబలము రాక్షసుని సహాయులను జెదరఁగొట్టెను, మలయకేతుని నాతనికి దూరము చేసెను, ఆతని యుపాయములను ఆతనిమీఁదికే త్రిప్పెను. కాని యాతనిని లొంగఁదీయుటకు మాత్ర మది చాలలేదు. అందులకు మణికారశ్రేష్ఠి యగు చందనదాసుఁడు కావలసి వచ్చెను. ఇంత భారమును మోయు నీ స్నేహమును గూర్చి రాక్షసచందనదాసులు పరస్పరము పలికికొన్న మాట నాటకమం దెచ్చటను లేదు. వారిరువురు నెదురుపడునది యొక్కసారి మాత్రమే. అది వధ్యస్థానమున. మాటాడుకొన్నవి నాలుగైదు వాక్యములు. ఆ నాలుగైదింటిలోను ప్రేమను జెప్పునది యొక్కటియు లేదు.

కవికాలమును గూర్చిన వివాద మిచట నక్కఱలేదు. భరతవాక్యమునఁ గొన్ని ప్రతులలోఁ జంద్రగుప్తుని పేరును, గొన్నింట నవంతివర్మ పేరును ఉండుటచే విమర్శకు లీతనిని గుప్తుల కాలమునకు ముందునకు వెనుకకు లాగుచు వచ్చిరి. దశరూపకమునకు వ్యాఖ్య వ్రాసిన ధనికుఁడు ఈ నాటకమునకు బృహత్కథ మూలమనెను. బృహత్కథను సంస్కృతమున సంగ్రహించిన సోమదేవుని కథాసరిత్సాగరమున నందచాణక్యుల వృత్తాంత మున్నను జందనదాసుని జాడ లేదు. కావున నీ వర్తకునకు నాటకమునఁ గలిగిన స్థానము కవి యెన్నికయే యని భావింపవచ్చును.

ప్రథమాంకమునఁ జందనదాసుని పేరు మొదట వినఁబడునది యొక చారుని నోట. యమపటమును జూపి పాడుచు నింటింటఁ దిరుగు నిపుణకుఁడు చంద్రగుప్తునకు ద్వేషులగు మువ్వురిని జెప్పుచు, మూఁడవవాఁ డీ శ్రేష్ఠి యనియు, నితఁడు రాక్షసునకు రెండవ హృదయము వంటివాఁడనియు, రాక్షసుఁడు తన యాలుబిడ్డల నితని యింట నుంచి నగరము విడిచెననియుఁ దెలుపును. వెంటనే చాణక్యుఁ డనుకొనునది గమనింపఁదగినది. తనతో సమానుఁడు కానివానియొద్ద రాక్షసుఁడు కళత్రమును నిక్షేపింపఁడు; కావున నితఁడు పరమమిత్రుఁడు. రాక్షసచందనదాసుల స్నేహమును గొలిచి విలువ కట్టినవారిలో మొదటివాఁడు వారి శత్రువు. నాటకాంతమువఱకు నా కొలత తప్పలేదు.

ఆ చారుఁడే ముద్రికను దెచ్చును. అయిదేండ్ల బాలుఁ డొకఁడు తలుపు దాఁటి వెలికి రాఁబోఁగా లోపలి స్త్రీ యొక్కతె వానిని బట్టుకొనఁ జేయి సాఁచెను. పురుషుని వ్రేలికై చేసిన యుంగరము గావున నది జాఱి గడపమీఁదఁ బడి దొరలుచు వచ్చి చారుని పాదములచెంత నిలిచెను. ఆమె రాక్షసుని భార్య. భర్త నగరము విడుచునపుడు ఎడఁబాటునకు ఊఱటగా నాతని వ్రేలినుండి తీసికొన్న యుంగర మది. కూటలేఖమునకు ముద్ర దానివలననే దొరకెను. మిత్రుని కుటుంబమును గాపాడిన గృహమునుండియే మిత్రుని వినాశమునకు సాధనము వెలువడినది. ఈ సంగతిని జందనదాసుఁ డెఱిఁగినట్లు నాటకమున నెచ్చటను లేదు. కవి యీ విషాదమును బాత్రల కెవ్వరికిని జెప్పక ప్రేక్షకునకు మాత్రమే విడిచినాఁడు.

పిమ్మటఁ జందనదాసుఁడు చాణక్యుని యెదుటికి వచ్చును. వచ్చుటకు మున్నే యితఁడు తన యింటనున్న ధనసేనుఁడు మొదలగువారితో నొక మాట చెప్పి వచ్చినాఁడు. ఇల్లు సోదా చేయింపవచ్చును గావున నమాత్యుని గృహజనమును జాగ్రత్తగా వేఱొకచోటికిఁ జేర్పుఁడనియు, దనకు నగునది కానిండనియు. ప్రాణమును బణముగా నొడ్డినవాఁడు చెప్పిన మాట యింతే. అదియును బనివారికిఁ జెప్పిన యాజ్ఞ. ఎవ్వరికొఱకో వారికిఁ జెప్పినది కాదు.

సంభాషణము మిక్కిలి రసవంతముగా సాగును. చాణక్యుఁ డాసనము చూపును. తగని మన్ననము అవమానముకంటె నెక్కువ నొప్పించునని శ్రేష్ఠి నేలమీఁదఁ గూర్చుండఁబోవును. వర్తకపు లాభములు, ప్రజల సంతోషము, పూర్వరాజుల గుణములు అను దారులఁ ద్రిప్పి త్రిప్పి చాణక్యుఁడు తుదకు రాక్షసుని గృహజనము మాట యెత్తును. చందనదాసుఁ డబద్ధ మాడును. ఎవఁడో యనార్యుఁ డట్లు చెప్పెననును. చాణక్యుఁడు మెత్తగా, భయపడవలదు, రాజోద్యోగులు భయమునఁ బౌరుల యిండ్లలోఁ గుటుంబము లుంచి పోవుట కలదు, దాఁచుటయే దోషమనఁగా, అప్పు డుండెననును. ఇప్పు డెచటనన్న నెఱుఁగననును. ముందు లేదనుట, వెనుక నుండెననుట యెట్లు పొసఁగునని చాణక్యుఁడు పట్టుకొనఁగా, మాట తప్పిన దింతమాత్రమే యని తొట్రుపడును.

కొందఱు వ్యాఖ్యాతృవుద్దేశముతోఁ జదువువా రీ ఘట్టమును జాణక్యుని వాక్చాతుర్యమునకు నిదర్శనముగా మాత్రమే చూపుదురు. అది యర్ధసత్యము. ఇచట వాదమున నోడుచున్నవాఁడు చందనదాసుఁడు. ఆతఁడు మంత్రి కాఁడు, చతురుఁడు కాఁడు, అబద్ధ మాడుటయుఁ జక్కఁగా రానివాఁడు. సత్యసంధులగు మహాపురుషులు ధీరవచనములతో సభను నిశ్చేష్టముగాఁ జేయుట పురాణములలోఁ గలదు. ఈతని ధైర్యమట్టిది కాదు. ఒకదాని కొకటి పొసఁగని బొంకుల చాటున నొదిఁగియున్న ధైర్య మిది. స్నేహ మనృతరూపమున నిలుచుట కీ నాటకమునకంటె మంచి యుదాహరణము సంస్కృతమున దొరకుట కష్టము.

ఇంతలో నేపథ్యమునఁ గలకలము. క్షపణకుఁడగు జీవసిద్ధిని నగరమునుండి వెడలఁగొట్టుచున్నారు. శకటదాసుని శూలమునకుఁ గొనిపోవుచున్నారు. రాజద్రోహులకుఁ బట్టుగతి యిది యని చూపి చాణక్యుఁడు తుది ప్రశ్న వేయును. అప్పుడు చందనదాసుఁ డిచ్చిన ప్రత్యుత్తరము నాటకమున కాయువుపట్టు. అమాత్యుని గృహజనము తన యింటనున్నను అప్పగింపఁడఁట, లేనిదాని నెట్లప్పగించును? భావమింతే. ఇందు సగము బొంకు, సగము ప్రాణత్యాగము. "ఉన్నను" అను నొక్క సంశయార్థకముమీఁద నాతని ప్రేమ యంతయు నిలిచియున్నది. అప్పగింపనన్న యెడల నేర మొప్పుకొన్నట్లగును, లేదనినచో భయపడినట్లగును. రెండును గాకుండ నిశ్చయమును దెలుపుటకు వ్యాకరణము చూపిన సందిది. ఇదే నిశ్చయమా యని చాణక్యుఁ డడుగును. ఇదే యని యాతఁడు చెప్పును. మఱి యొక యక్షరము లేదు.

తనలోఁ దాను మాత్ర మాతఁడు మఱియొకటి యనుకొనును. తన వినాశము మిత్రకార్యమువలనఁ గలిగినదికాని పురుషదోషమువలనఁ గాదు గదా యని. అది స్వగతము. చాణక్యుఁడు వినలేదు, రాక్షసుఁ డెన్నఁడును వినఁడు. చాణక్యుఁడును దనలోనే యీతనిని మెచ్చును. శిబిచక్రవర్తి తప్ప మఱెవ్వఁ డిట్టి దుష్కరకార్యము చేయునని తలఁచును. పైకి మాత్రము బంధింపుఁడనును. ఇరువురు స్వగతములో నొకటే మాట చెప్పికొనుచుఁ బైకి వేఱుమాట లాడుచున్న యీ రంగమును బ్రయోగమునఁ జూచినవానికిఁగాని దీని బలము తెలియదు.

ద్వితీయాంకమున నీ వార్త రాక్షసునిఁ జేరును. పాములవాని వేషమున వచ్చిన విరాధగుప్తుఁడు తమ పన్నుగడ లొక్కొక్కటే యెట్లు బెడిసెనో చెప్పును. విషప్రయోగము, తోరణపతనము, సొరంగము అన్నియు వమ్మయినవి. రాక్షసుఁడు దైవమును దూఱుచు వినును. తుదకు మిత్రుల సంగతి వచ్చును. చందనదాసుఁ డమాత్యకళత్రమును దాఁటించెనని విన్నతోడనే రాక్షసుఁ డనునది, క్రూరుఁడగు చాణక్యు నెదిరించి యాతఁడు తగనిపని చేసెనని. మిత్రద్రోహ మింతకంటెఁ దగనిది గాదా యని విరాధగుప్తుఁడు ప్రత్యుత్తర మిచ్చును. తన భార్యాపుత్రులు బ్రదికిరన్న సంతోషమునకు ముందు మిత్రుఁడు చెడునను వెఱపు నోటికి వచ్చుట మెచ్చఁదగినది. ఆ వెఱపు నిందారూపమున వచ్చుట మఱియు మెచ్చఁదగినది. పిమ్మటఁ జందనదాసుఁడు సకుటుంబముగా బద్ధుఁడయ్యెనని వినఁగా, బద్ధుఁడైనది రాక్షసుఁడే యని చెప్పవలయుననును. అయినను జెప్పినది విరాధగుప్తునితో.

నాటకమున స్నేహమును గంఠమెత్తి చెప్పువారు లేకపోలేదు. వారెవ్వరో యొకసారి చూడవలయును. శకటదాసుని శూలమునుండి తప్పించి తెచ్చిన సిద్ధార్థకుఁడు రాక్షసుని పాదసేవను గోరును. వాఁడు చాణక్యుని చారుఁడు. జీవసిద్ధి రాక్షసునకుఁ బ్రాణమిత్రుఁడు. వాఁడును జాణక్యుని చారుఁడే. భాగురాయణుఁడు మలయకేతునకు నీడవలె వెంట నుండి హితవు చెప్పును; వానిని జాణక్యుఁడే పంపెను. ఇందు భాగురాయణుని విషయమునఁ గవి యొక చిన్న మెలిక పెట్టినాఁడు. తనయందింత స్నేహముగల కుమారుని వంచింపవలసి వచ్చెఁగదా యని వాఁడు పంచమాంకారంభమున బాధపడును. బాధపడియు వంచించును. స్నేహవాక్యములు చారుల నోట నిట్లు చలామణి యగుచుండఁగా నిజమైన స్నేహితులకు వాడుకొనుటకు మాటలు మిగులలేదు. రాక్షసుఁడు జీవసిద్ధి చారుఁడని తెలిసికొన్నపుడు శత్రువులు తన హృదయమును గూడ వశపఱచుకొని రనుకొనుట యూరక పలికినది కాదు.

బాహాటముగాఁ జూపిన స్నేహమునకు ఫలమేమో శకటదాసుని కథ తెలుపును. చచ్చెననుకొన్న మిత్రుఁడు సజీవుఁడై యెదుటికి రాఁగా రాక్షసుఁడు కౌఁగిలించుకొనును. ఆనందమున నొడలిమీఁది యాభరణములను దీసి సిద్ధార్థకున కిచ్చును. అవి మలయకేతుఁడు పంపినవి. ఆ యాభరణములే, శకటదాసుని చేతివ్రాతయే, ఆ యుంగరపు ముద్రయే పంచమాంకమున రాక్షసునిమీఁద సాక్ష్యములై నిలుచును. వ్రాత శకటదాసునిదని గుర్తించినతోడనే రాక్షసుని బుద్ధి చెదరును. ఆలుబిడ్డలను జేరఁగోరి శకటదాసుఁడు ప్రభుభక్తిని మఱచెనా యని సంశయించును, సంశయించి నమ్మును. శకటదాసుఁడు నిర్దోషి. ఎవ్వరికొఱకో యెఱుఁగక వ్రాసినవాఁడు.

ఈ సంశయమును విమర్శకు లంతగాఁ బట్టించుకొనలేదు. పాఠశాలలలోను లేఖము, ముద్ర, ఆభరణములు ఎట్లు కూడి వచ్చెనో విడఁదీసి చెప్పుటతోనే పంచమాంకము ముగియును. కాని స్నేహదృష్టితోఁ జూచినచో నాటకమునఁ గలిగిన పెద్దగాయ మిది. మలయకేతుఁడు వెడలఁగొట్టుట రాజ్యనష్టము. మిత్రు ననుమానించుట యంతర్నష్టము. సప్తమాంకమునఁ జాణక్యుఁడు శకటదాసుఁ డేమియు నెఱుఁగఁడని తెల్పినపుడు, తాను పట్టువడి నిలిచిన యా క్షణమున, రాక్షసుఁడు తనలో ననుకొనునది శకటదాసునిఁ గూర్చిన వికల్పము తొలఁగెఁ గదా, యదృష్టము, అనియే. సర్వస్వము పోయినవాఁ డిట్లు తేలికపడుట యాశ్చర్యము. ఈ తేలికపాటును గూడ శకటదాసుఁడు వినలేదు. తా ననుమానింపఁబడితి ననియే యాతఁ డెఱుఁగఁడు.

చందనదాసుని విషయమున మాత్రము రాక్షసునకు సంశయము పుట్టలేదు. పంచమాంకాంతమున నన్ని దారులు మూసికొనిపోయిన పిమ్మట నాతఁడు తనకు మిగిలినవాని నెంచుకొనును. తపోవనము వైరము తీఱని మనస్సునకు శాంతి నీయదు; ప్రభువుల వెంట మరణించుట, శత్రువు బ్రదికియుండఁగా, స్త్రీలకుఁ దగినది; కత్తి దూసి శత్రుసేనపైఁ బడుట యొప్పునుగాని చందనదాసుని విడిపింపఁ దొందరపడు మనస్సు దాని నాఁపుచున్నది; ఆఁపకున్నచోఁ గృతఘ్నతయగును. వీరునకు సహజమగు మరణమును స్నేహ మడ్డగించినది. ఇచటినుండి రాక్షసుని నడకయంతయు నొక్క దిక్కునకే.

షష్ఠాంకమున జీర్ణోద్యానము. రాక్షసుఁ డొంటరిగాఁ గూర్చుండి వెనుకటి వైభవమును దలఁచుచుండఁగా నొకఁడు త్రాడు పట్టుకొని యురి పోసికొనఁ జూచుచుండును. కారణ మడుగఁగా వాఁడు చెప్పిన కథ యిది: తన మిత్రుఁడు విష్ణుదాసుఁడను మణికారశ్రేష్ఠి యగ్నిప్రవేశము చేయఁబోవుచున్నాఁడు, ఏలయన, విష్ణుదాసుని మిత్రుఁడగు చందనదాసుని నేఁడు శూలమున కెక్కించుచున్నారు, విష్ణుదాసుఁడు సర్వస్వ మిచ్చెదనన్నను జంద్రగుప్తుఁడు విడువలేదు, తన మిత్రుని మరణవార్త వినకమున్నే తాను జావఁగోరుచున్నాఁడు. ఒకనికై యొకఁడు, వానికై వేఱొకఁడు. ముగ్గురు వరుసగా మృత్యువునకు నడచుచున్నారు. ఈ గొలుసునకు మొదటి కొక్కెము రాక్షసుఁడు, ఆతఁ డొక్కఁడే బ్రదికియున్నవాఁడు.

త్రాడు పట్టినవాఁడు చాణక్యుఁడు పంపిన మనుష్యుఁడు. వాని మరణోద్యమము నటన. నాటకమున మిత్రప్రేమను గూర్చి యింత దీర్ఘముగా, నింత చక్కఁగా మాటాడినవాఁడు వేఱొకఁడు లేఁడు. వాఁడు చెప్పినది కూటకథ. చాణక్యుఁడు కల్పించిన యీ స్నేహము రాక్షసునిపైఁ బాఱుటకుఁ గారణ మాతని తెలివితక్కువ కాదు. తనలోఁ గలదానినే యెదుటివానిలోఁ జూచినాఁడు. మోసపోయినది రాక్షసుని నిజాయితీ.

కత్తి దూసి చందనదాసుని విడిపింతునని రాక్షసుఁడు లేచును. ఆ పురుషుఁడు వారించును. శకటదాసుని బలాత్కారముగా విడిపించుకొనిపోయిననాఁటినుండి ఘాతుకులు సాయుధుఁ డెవ్వఁడైన వచ్చుట చూచినచో వధ్యుని ముందుగానే చంపివేయుచున్నారని చెప్పును. ఇది విని రాక్షసుఁడు కత్తిని విడుచును. నందుల పతనమునాఁటినుండి చేతినుండి జాఱని కత్తి. ఆవల మిగిలినది తన్నుఁ దా నప్పగించుకొనుట.

సప్తమాంకమున శూలమును భుజముపై మోయుచుఁ జందనదాసుఁడు వచ్చును. వెనుక భార్య, కొడుకు. చండాలవేషధారులు చాణక్యుని చారులని ప్రేక్షకునకుఁ దెలియును, వారికిఁ దెలియదు. మిత్రులు కొందఱు కన్నీళ్లతోడనే వెనుదిరుగుచుండఁగాఁ జందనదాసుఁడు చూచును. భార్యకు, తాను మిత్రకార్యమునఁ జచ్చుచున్నాఁడుగాని పురుషదోషమున గాదని చెప్పి యోదార్చును. ప్రథమాంకమున స్వగతమైన మాట యిచట నిల్లాలియెదుట వెలికి వచ్చినది. తండ్రి లేని తనకేమి గతి యని కొడుకడుగఁగాఁ జాణక్యుఁడు లేని దేశమున వసింపుమనును. ఇంత చేదైన మాట నిట్టి సమయమునఁ గొడుకునకు జెప్పించుటకు విశాఖదత్తునికే చెల్లును.

అపుడు రాక్షసుఁడు వచ్చి యా వధ్యమాలను దన మెడ వేయుఁడనును. చందనదాసుఁడు "అమాత్యా" యని పిలిచి యిదేమని యడుగును. నీ సుచరితములో నొక భాగమున కనుకరణ మని రాక్షసుఁడు. తన ప్రయాసమంతయు వ్యర్థము చేయుచు నిట్లేల చేసితివని చందనదాసుఁడు. స్వార్థమే చేసితిని, నిష్ఠురము వలదని రాక్షసుఁడు.

ఇంతకుమించి వారి మధ్య మాట లేదు. ఇంతకాలము చెఱలో మ్రగ్గి, శూలము మోసి వచ్చినవాఁడు తన్ను విడిపింపవచ్చిన మిత్రునిఁ జూచి పలికినది నింద. ఆ నిందకు న్యాయమున్నది: రాక్షసుఁడు బ్రదుకుటకే యాతఁడు చావ నిశ్చయించుకొన్నాఁడు, రాక్షసుఁడు వచ్చి చావఁబోవుటచే నా త్యాగము పాడైపోయినది. రాక్షసుని ప్రత్యుత్తరమునకును న్యాయమున్నది: చందనదాసుఁడు చావఁగాఁ దాను బ్రదుకలేనివాఁడు గావున వానిని గాచుట తనకొఱకే. ఒకఁడు ప్రేమను నింద యనును, మఱియొకఁడు స్వార్థ మనును. కౌఁగిలింత లేదు, కన్నీరు లేదు. శకటదాసునిఁ గౌఁగిలించుకొన్న రాక్షసుఁడు చందనదాసునిఁ దాఁకినట్లు కవి వ్రాయలేదు. సంబోధనములను గూడ జూడవలయును. రాక్షసుఁడు "సఖా" యనును. చందనదాసుఁడు తుదివఱకు "అమాత్యా" యనును. ఒకఁడు సంస్కృతము పలుకును, ఒకఁడు ప్రాకృతము. పదవియందును భాషయందును గల దూర మట్లే యుండఁగా లోపల దూరము లేకుండుట యిచటి విశేషము.

పిమ్మటఁ జందనదాసుని సకుటుంబముగాఁ జెట్టు నీడకుఁ గొనిపోవుదురు. నాటకమున నాతని మాట మరల వినఁబడదు.

ఈ స్నేహము రసమగునా యను ప్రశ్న యాలంకారికులకు రాక మానదు. రుద్రటుఁడు కావ్యాలంకారమునఁ బ్రేయోరసము నంగీకరించి దానికి స్నేహము స్థాయి యనెను. అభినవగుప్తుఁడు దానిని ద్రోసివైచెను. స్నేహము వేఱు స్థాయి కాదు. అది రత్యుత్సాహాదులలోనే విశ్రమించును. యువకులకు మిత్రులయందలి స్నేహము రతిలోను, లక్ష్మణునకు భ్రాతృస్నేహము ధర్మవీరమునందును జేరునని యాతని మతము. చాణక్యుఁడు శిబి నుపమానముగాఁ దెచ్చుటను బట్టి చందనదాసుని స్నేహమును వీరములోఁ జేర్చుట సులభము. కాని శిబి కాపాడిన పావురము శరణుఁ జొచ్చిన క్రొత్తపక్షి; ఆ పావురముపై శిబికిఁ బ్రత్యేకస్నేహము లేదు; ఉన్నచో నాతని త్యాగము కొంత తగ్గియుండెడిది. చందనదాసుని త్యాగమునకు రాక్షసుఁడు గాక వేఱొకఁడు విషయము కాఁజాలఁడు. ఈ భేదమును వీరరసము కప్పలేదు.

అట్లని రుద్రటుని మతముతోను బని తీఱదు. ప్రేయోరసము పుష్టి పొందుటకు ననుభావములు కావలయును; ఇచట నవి లేవు. కాని యీ లేమియే గుణము. రసమునుగాని స్థాయినిగాని దాని పేరు పెట్టి చెప్పుట దోషమని మమ్మటుఁడు స్వశబ్దవాచ్యత్వమును రసదోషములలోఁ బరిగణించెను. ఈ సూత్రమును సాధారణముగా శృంగారఘట్టములలోఁ దప్పులు పట్టుటకు వాడుచుందురు. దీనికి సంపూర్ణమగు నుదాహరణము కావలసినచో, అనఁగా స్థాయి తన పేరుతో నొక్కమాఱును నాశ్రయాలంబనముల మధ్య వెలువడక వ్యంగ్యముగానే నిండిన రూపకము కావలసినచో, ముద్రారాక్షసమును జూపవచ్చును. మృచ్ఛకటికమున శర్విలకుఁడు క్రొత్తపెండ్లికూఁతు నెడఁబాసి బద్ధుఁడైన మిత్రుఁడు ఆర్యకుని విడిపింపఁబోవును. అదియు నుత్తమమే, కాని యచట స్త్రీకంటె మిత్రుఁ డధికుఁడని యాతఁడు తూఁచి చెప్పి మఱి పోవును. చందనదాసుఁడు తూఁచలేదు.

ఇందొక యాక్షేపము పుట్టును. కడపట రాక్షసుఁడు సుహృత్స్నేహమను మాటను బైకిఁ బలికెను గదా? పలికెను. చాణక్యుఁడు మంత్రిపదవికి గుఱుతగు శస్త్రమును జేకొనుమనును. రాక్షసుఁ డర్హుఁడను గానని తప్పించుకొనఁ జూచును. శస్త్రము చేకొనకున్నఁ జందనదాసుఁడు బ్రదుకఁడని చాణక్యుఁడు ముడి వేయును. రాక్షసుఁడు తనలోఁ గుములును: నందులయందలి ప్రేమ హృదయమును దాఁకుచునే యున్నది, వారి శత్రువులకు భృత్యుఁడు కావలసి వచ్చినది, తాను నీరు పోసి పెంచిన చెట్లను దాను నఱకినట్లున్నది. అటుపిమ్మటఁ బైకి, అన్ని పనులను జేయించు సుహృత్స్నేహమునకు నమస్కార మని చెప్పి తల వంచును. ఆ మాట విన్నవాఁడు చాణక్యుఁడు. చందనదాసుఁడు దూరముగాఁ జెట్టు నీడనున్నాఁడు. ఇచట స్నేహము పేరు వచ్చినది రసపోషణమునకుఁ గాదు. ఓడినవాఁడు తన్ను గెలిచినదాని పేరు శత్రువునకుఁ జెప్పుట యిది. గెలిచినది నీవు కావు, అది యని. నమస్కారమున వినయమెంత కలదో యెత్తిపొడుపు నంత కలదు.

రాక్షసుఁ డిట్లు లొంగుట స్వామిభక్తికిఁ గళంకమని వాదించువారు గలరు. వా రనునది తేలికగాఁ ద్రోయరానిది. నందవంశమునకై యిన్ని విషప్రయోగములు చేయించి, యింతమంది యనుచరులను జంపించి, తుదకు నా శత్రువునకే మంత్రియగుట చావుకంటె సుకరమైనది కాదు. కాని త్యాగమును గొలుచునపుడు పోఁగొట్టుకొన్నదేమో చూడవలయును. చందనదాసుఁడు ప్రాణమును ధారపోయ నెంచెను. రాక్షసుఁడును బ్రాణమే యీయ వచ్చెను. దానిని జాణక్యుఁడు పుచ్చుకొనలేదు. ఏ నిష్ఠకొఱకు బ్రదికియుండెనో యా నిష్ఠను అడిగెను. మిత్రుని ప్రాణమునకు వెలగా రాక్షసుఁ డిచ్చినది తన చరిత్రను. ఈ వ్యాపారమునఁ జందనదాసుఁడు మిత్రునకు నెంత ఋణపడెనో యాతని కెవ్వరైనఁ జెప్పిరో లేదో కవి వ్రాయలేదు. సర్వనగరములకు శ్రేష్ఠిపదవి యాతని కీయఁబడినదని మాత్రము చాణక్యుని యాజ్ఞగా వినఁబడును.

తంజావూరి మరాఠారాజుల యాశ్రయమున ఢుంఢిరాజు 1713లో వ్రాసిన వ్యాఖ్యయు, 1884లో బొంబాయిలోఁ దెలంగు పండితుఁడు ప్రకటించిన ముద్రితప్రతియు నీ నాటకమును బండితలోకమున వ్యాపింపఁజేసినవి. తెలుఁగునఁ దిరుపతివేంకటకవులు దీని ననువదించిరి. మఱల దీనిని దెలుఁగు చేయఁబూనువారికి నొక్క చిక్కు తప్పదు. మూలమున రాక్షసుని సంస్కృతమునకుఁ జందనదాసుని ప్రాకృతమునకుఁ గల యెడమును దెలుఁగున నెట్లు చూపవలయును? వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లోఁ బ్రకటించిన ప్రతాపరుద్రీయమునఁ బాత్రోచితభాషను వాడి చూపిన మార్గ మున్నది. కాని చందనదాసుఁడు నీచపాత్ర కాఁడు. గ్రామ్యము పలికించినచో హాస్య మంకురించును. ఇరువురకును నొకటే గ్రాంథిక మిచ్చినచో నెడము మాసిపోవును. అంతకంటెఁ బెద్దముప్పు "అమాత్యా" యను సంబోధనమును మార్చుట. ఏడవ యంకమునఁ జందనదాసుని నోట "మిత్రమా" యను పిలుపు నుంచినచో రంగస్థలమునఁ గరతాళములు మ్రోగవచ్చును. మూలమున నాతఁ డేడంకములు దాఁచుకొన్న మాట నొక్క పదములోఁ బాఱవైచినట్లగును.